‘యుగసమాప్తి’: పల్నాటి వాడుకలో ఒక బైబిలు పదం – అర్థపరిశీలన

తెలుగు బైబిలులోని మత్తయి సువార్తలో ‘యుగసమాప్తి’ అన్న సమాసం 5 చోట్ల కనిపిస్తుంది. 13వ అధ్యాయంలో మూడుసార్లు, 24వ అధ్యాయంలో ఒకసారి, గ్రంథాంతంలో ఒకసారి. నేడు ఈ మాటను విన్నవారు సాధారణంగా దీనికి లోకనాశనమనే అర్థం చెప్పుకుంటారు. యుగాంతం, ప్రళయం, లోకాంతం, యుగసమాప్తి అన్నీ ఒకే సంఘటనకు నాలుగు పేర్లని పత్రికాభాష, ప్రసంగభాష కూడా స్థిరపరిచాయి. అయితే ఈ పదాల ప్రయోగచరిత్ర అందుకు భిన్నమైన సంగతి చెబుతుంది. యుగసమాప్తి నాశనవాచకం కాదు, పూర్తివాచకం. అనువాద సాహిత్యాన్ని, అందులోనూ క్రైస్తవ వచనాన్ని, ‘మిషనరీ తెలుగు’ అని పక్కన పెట్టే అలవాటు వల్ల ఈ తేడా తెలుగు శాఖల దృష్టికి రాలేదు.

ఈ పరిశీలనకు సత్తెనపల్లి పరిసరాలు అనువైన క్షేత్రం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలోని ఈ పట్టణం అంతకుముందు గుంటూరు జిల్లాలో భాగం. 1842లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయర్ 1849లో గురజాలకు వెళ్లి పల్నాట మిషన్ పని మొదలుపెట్టాడు. తరువాతి కాలంలో సత్తెనపల్లి కూడా ఆ మిషన్ కేంద్రాల్లో ఒకటయింది. ఈ విధంగా బైబిలు తెలుగు పల్నాటి పల్లెల్లో తరాలుగా చెవిన పడుతున్న భాష. ఇంకోవైపు, సత్తెనపల్లి మీదుగా మాచర్ల వెళ్లే రైలుదారిలో పిడుగురాళ్ల వస్తుంది. ఆ మండలంలోనే ముచుకుందుడు నిద్రించాడని స్థలపురాణం చెప్పే గుత్తికొండ బిలం ఉంది. యుగం మారడాన్ని కళ్లారా చూసిన పురాణపురుషుడు అతడు. ఒక యుగభావన గుడి నుంచి, మరొకటి గుహ నుంచి, ఇంకొకటి చర్చి నుంచి వినవచ్చే నేల ఇది.

మొదట గుడిని చూడాలి. పూజకు కూర్చున్నవాడి చేత పురోహితుడు చెప్పించే సంకల్పంలో దేశకాలాల ప్రస్తావన ఉంటుంది. అందులో వర్తమానం కలియుగపు ప్రథమపాదం. కలియుగ ప్రమాణం 4,32,000 సంవత్సరాలు, నాలుగో వంతు 1,08,000. క్రీస్తుపూర్వం 3102లో కలి ప్రవేశించిందన్న సంప్రదాయ గణన ప్రకారం గడిచింది 5,100 ఏళ్లకు పైచిలుకు మాత్రమే. అంటే సంకల్పం చెప్పుకునే వ్యక్తి యుగం తొలి గడియల్లో నిలబడి ఉన్నాడు. అదే ఊరి చర్చిలో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయం చదివితే, అక్కడ పౌలు తనను, తన శ్రోతలను యుగాంతంలో ఉన్నవారిగా చెబుతాడు. ఒకే వీధిలో, ఒకే పూట, ఒకే ‘యుగ’ శబ్దంతో ఒకరు ఆరంభంలోనూ మరొకరు అంతంలోనూ నిలబడుతున్నారు. ఈ వైరుధ్యం ఎవరికీ ఇబ్బంది కలిగించకపోవడమే విశేషం. అందుకు కారణం మతసహనం ఒక్కటే కాదు, ఆ శబ్దానికి ఉన్న సాగే గుణం కూడా.

సంస్కృత నిఘంటు సంప్రదాయంలో లోకనాశనానికి యుగాంతం ప్రధానమైన పేరు కాదు. అమరసింహుడు కాలవర్గంలో సంవర్తం, ప్రళయం, కల్పం, క్షయం, కల్పాంతం అనే ఐదింటిని పర్యాయాలుగా చెప్పాడు. ఆ వరుసలో యుగాంతం లేదు. లేకపోవడం సహేతుకం. భాగవతం ద్వాదశ స్కంధం చెప్పే నాలుగు ప్రళయాల్లో ఏదీ కేవలం యుగం ముగిసిందన్న కారణంగా రాదు. నైమిత్తికం బ్రహ్మకు పగలు ముగిసినప్పుడు, అంటే వెయ్యి మహాయుగాల తరువాత వస్తుంది. ప్రాకృతం బ్రహ్మ ఆయువు తీరినప్పుడు. ఆత్యంతికం మోక్షం కనుక అది లోకానికి సంబంధించినది కాదు, జీవుడికి సంబంధించినది. నిత్యప్రళయం ప్రతి క్షణం జరిగే క్షయం, దీపజ్వాల లాగా, నదీప్రవాహం లాగా. ఈ స్కంధాన్ని తెనిగించిన వెలిగందల నారయను పోతన నీడలో చదివి వదిలేస్తుంటారు గాని, కాలవిభాగం విషయంలో తెలుగు పాఠకుడికి ఆధారం ఆయన రచనే. ఇక యుగం చివర ఉండేది సంధ్యాంశం. కలికి అది 36,000 ఏళ్లు. సంధ్య అంటే కలయిక, వెలుగూ చీకటీ ఒకదానిలోకి ఒకటి జారే వేళ. అక్కడ తెగిపోవడం లేదు.

ఈ జారిపోవడాన్ని ముచుకుందోపాఖ్యానం కంటే బాగా చూపిన కథ లేదు. మాంధాత కుమారుడైన ముచుకుందుడు దేవతలకు యుద్ధంలో సాయపడి, అలసి, నిద్రను వరంగా కోరుకున్నాడు. కాలయవనుడు తరుముతుండగా కృష్ణుడు గుహలో ప్రవేశించడం, నిద్రిస్తున్నవాడే కృష్ణుడనుకుని కాలయవనుడు తన్నడం, ముచుకుందుడి చూపుకు భస్మం కావడం ప్రసిద్ధం. అసలు విశేషం తరువాత ఉంది. గుహ వెలుపలికి వచ్చిన రాజు మనుషులు, పశువులు, తీగలు, చెట్లు అన్నీ పొట్టివైపోవడం చూసి, కలి వచ్చిందని గ్రహించి ఉత్తరదిక్కుకు వెళ్లిపోతాడు. ఆకాశం విరగలేదు, సముద్రం పొంగలేదు. కొలతలు మాత్రం తగ్గాయి. ఇంకో సంగతి: అప్పటికి కృష్ణుడు భూమి మీదనే ఉన్నాడు, ద్వాపరం ముగియలేదు. అయినా కలి నీడ పరచుకుంది. సంధ్యాంశమన్న శాస్త్రపరిభాషకు ఇంతకు మించిన కథారూపం దొరకదు. గుత్తికొండలో ఈ కథతో పాటు, యుద్ధానంతరం బ్రహ్మనాయుడు ఈ బిలంలోకే వెళ్లాడన్న ఐతిహ్యం కూడా వినిపిస్తుంది. కారెంపూడి రణరంగంలో వీరయుగం ముగిసిన తరువాత దాని పెద్దదిక్కును జనం చంపలేదు, గుహలోకి పంపారు. పల్నాటి కల్పనకు యుగం ముగియడమంటే ఒక పెద్దమనిషి కనుమరుగు కావడం.

దీనికి ఎదురుసాక్ష్యం లేకపోలేదు. మాఘుడు శిశుపాలవధ ప్రథమ సర్గలో యుగాంతకాలాన్ని లోకాలన్నీ విష్ణువులో ఉపసంహృతమయ్యే వేళగానే చెప్పాడు. కావ్యభాషలో యుగాంతమేఘం, యుగాంతవాతం, ప్రళయకాలరుద్రుడు చాలా పాత ఉపమానాలు. కనుక యుగాంతాన్ని ప్రళయంతో కలిపేసిన నేరం నేటి వార్తాఛానళ్లదే అనడం సరికాదు. కాని కవులు చేసిన పని వేరు. వారు ఆ మాటను కాలవిభాగం నుంచి తప్పించి తీవ్రతకు కొలమానం చేశారు. యుద్ధవర్ణనలో ప్రళయకాలరుద్రుడు వచ్చాడంటే లోకం ముగుస్తోందని కాదు, వీరుడు కోపంగా ఉన్నాడని. ఇంకా ముందుకు వెళ్లి ఆలంకారికులు స్తంభస్వేదాదులతో పాటు ప్రళయాన్ని అష్టసాత్త్విక భావాల్లో ఒకటిగా చేర్చారు. అక్కడ ప్రళయమంటే స్పృహ తప్పడం. సృష్టి మొత్తాన్ని మింగే మాట ఒక నాయిక మూర్ఛకు పేరయింది. లోకాంతాన్ని ఒంటికి దించుకోవడం మన అలంకారశాస్త్రానికి కొత్త కాదు.

ఈ పదసంపద మధ్యకు బైబిలు అనువాదం వచ్చింది. 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజి ఆనందరాయర్ అనే పండితుని తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయనారంభించారు. వాటిలో మొదటివి 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి వెలువడ్డాయి. అక్కడి నుంచి నేటి పాఠం వరకు ఎన్నో చేతులు, ఎన్నో సవరణలు. కనుక యుగసమాప్తిని ఒక వ్యక్తి ప్రతిభగా కాక, ఒక అనువాద పరంపర నిలుపుకున్న నిర్ణయంగా చదవాలి. గ్రీకు మూలంలో ఇక్కడ ఉన్నవి రెండు మాటలు. ‘ఐయోన్’ అంటే దీర్ఘకాలం, యుగం. ‘సున్‌తెలెయా’ అంటే అన్నీ కలిసి పూర్తికావడం. 1611 నాటి ఆంగ్లపాఠం మొదటిదాన్ని లోకమనీ రెండోదాన్ని అంతమనీ అనువదించింది. ఇంగ్లీషు చదివినవారి మనసులో ‘లోకాంతం’ నాటుకున్నది అక్కడి నుంచే. తెలుగు పాఠం ఆ దారిన పోలేదు. ‘యుగ’ కాలాన్ని పట్టుకుంది, ‘సమాప్తి’ పూర్తిని పట్టుకుంది.

‘సమాప్తి’ తెలుగులో ఎక్కడెక్కడ వాడతారో చూస్తే ఈ ఎంపిక విలువ తెలుస్తుంది. వ్రతసమాప్తి, పారాయణసమాప్తి, గ్రంథసమాప్తి. పూనిన పని చివరంటా సాగితేనే సమాప్తి. మధ్యలో ఆగిన వ్రతానికి భంగమంటారు గాని సమాప్తి అనరు. పాత అచ్చుపుస్తకాల చివర ‘సమాప్తము’ అని వేసేవారు. ఆ మాట చూసి ఏ పాఠకుడూ పుస్తకం నాశనమైందనుకోలేదు. ‘అంతం’ తీరు వేరు. ‘అంతం చేశాడు’ అంటే చంపాడని. దాని తోబుట్టువు ‘అంతు’ అయితే పల్నాట తగాదాల్లో బెదిరింపు: ‘నీ అంతు చూస్తా’. ‘నీ సమాప్తి చూస్తా’ అని ఏ మొనగాడూ అనలేదు. వాడుక చెప్పే ఈ తేడాను నిఘంటువులు పర్యాయపదాల వరుసలో కలిపి మరుగుపరుస్తున్నాయి.

అనువాదకులు ప్రళయమన్న మాట తెలియక యుగసమాప్తిని ఎంచుకోలేదనడానికి మత్తయి 24వ అధ్యాయమే సాక్ష్యం. శిష్యులు అడిగే ప్రశ్నలో యుగసమాప్తి ఉంది. అదే అధ్యాయంలో, కొంత దూరంలో, నోవహు దినాల ప్రస్తావన వచ్చినప్పుడు ‘జలప్రళయము’ వాడారు. జరిగిపోయిన వరదకు ప్రళయం, జరగబోయేదానికి యుగసమాప్తి. ఒక్క అధ్యాయంలో రెండు మాటలకు రెండు చోట్లు కేటాయించిన ఈ వివేచనను ప్రసంగాలు చెరిపేశాయి. హెబ్రీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయం ఈ వాదానికి మరింత బలమిస్తుంది. క్రీస్తు బలి యుగముల సమాప్తియందే జరిగిందని అక్కడ ఉంది. రచయిత దృష్టిలో అది అప్పటికే జరిగిన ఘటన. యుగసమాప్తి అంటే లోకనాశనమే అయితే ఆ వాక్యం చదివే మనిషి మిగలడు.

ఐదు ప్రయోగాలకు తిరిగి వస్తే, అక్కడి విభక్తులు గమనార్హం. 13వ అధ్యాయంలో మొదటిసారి అది ప్రథమావిభక్తిలో, విధేయపదంగా వస్తుంది: కోత అంటే యుగసమాప్తి అని. తరువాతి రెండుసార్లు ‘యందు’ చేరుతుంది, అంటే అది ఒక వేళ. 24లో ‘కి’ చేరుతుంది, సూచనలు అడిగేది దేనికో చెప్పడానికి. 28లో ‘వరకు’. ఈ మొదటి ప్రయోగాన్నే ఎక్కువగా మరచిపోతున్నారు. యుగసమాప్తిని ఈ సువార్త పరిచయం చేసిందే కోతతో. సేద్యం తెలిసిన శ్రోతకు కోత విపత్తు కాదు, ఏడాది పొడుగునా ఎదురుచూసిన రోజు. కల్లంలో కుప్ప పడిన రోజు చేను ఖాళీ అవుతుంది, దాన్ని చూసి ఏ రైతూ చేను పోయిందని ఏడవడు. తీర్పు లేదని కాదు. అగ్ని ఉంది, ఏడ్పు ఉంది. అయితే కాలేది గురుగులు, పొలం కాదు.

గురుగుల సంగతి కూడా చెప్పుకోవాలి. మూలంలోని కలుపు మొలకెత్తినప్పుడు గోధుమను పోలి ఉంటుంది, అందుకే ఉపమానంలో యజమాని కోతదాకా ఆగమంటాడు. తెలుగులో దానికి పెట్టిన ‘గురుగు’ గోధుమను ఏమాత్రం పోలదు. పైగా గురుగాకును కూర వండుకుంటారు. తెలంగాణలో బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు ఈ జాతిదే. వృక్షశాస్త్రం ప్రకారం ఇది సరిపోలని అనువాదం. శ్రోత వైపు నుంచి చూస్తే మాత్రం లోకాంతాన్ని తన చేనిగట్టు మీదికి తెచ్చిన అనువాదం. ఈ రెండింటిలో ఏది గెలవాలన్నది అనువాద విమర్శలో తీరని తగవు. ఇక్కడ మాత్రం నష్టం కొంత ఉంది: ఎందుకు ఆగాలన్న తర్కం పోయింది.

24వ అధ్యాయంలోని ప్రశ్నలో యుగసమాప్తి పక్కనే ఉన్న మరో మాట ‘రాకడ’. ఒకటి తత్సమ సమాసం, మరొకటి అచ్చతెలుగు. గ్రీకులోని ఆగమనవాచకానికి ఆగమనమనో ప్రత్యక్షమనో పెట్టకుండా రాకడను నిలపడం ఈ అనువాద పరంపర చేసిన మంచి పనుల్లో ఒకటి. ‘వాన రాకడ, ప్రాణం పోకడ’ అన్న సామెత తెలిసినవాడికి ఆ మాటలోనే సగం అర్థం చేరిపోయి ఉంది: ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవని అదే అధ్యాయం తరువాత చెబుతుంది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలేవరకు మెట్టసేద్యం మీద, మబ్బు మీద బతికిన నేలలో రాకడ అన్న మాట దేవుడి కంటే ముందు వానకు చెందినది. సూచనలు అడగడం కూడా ఆ శ్రోతకు తెలిసిన పనే. కార్తె చూసి, గాలి చూసి, చీమల బారు చూసి వానను అంచనా కట్టే మనిషి లోకానికి సూచనలు అడిగితే వింతేముంది?

సూచనల విషయంలో తెలుగు నేలకు తనదైన గ్రంథం ఉండనే ఉంది. పోతులూరి వీరబ్రహ్మంగారి పేర చెల్లే కాలజ్ఞానం వింతల పట్టిక. అయితే ఆ పట్టిక నాశనంతో ముగియదు, వీరభోగ వసంతరాయలుగా ఆయన తిరిగి వచ్చి ధర్మం నిలుపుతాడన్న నమ్మకంతో ముగుస్తుంది. అంటే అక్కడ కూడా చివర ఉన్నది రాకడే. వాడుకలో మాత్రం పట్టిక మిగిలి ముగింపు జారిపోయింది. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అంటారు. అది భవిష్యత్తు గురించి చెప్పే మాట కాదు. జరిగినదానికి ఆశ్చర్యపడనవసరం లేదని సర్దిచెప్పుకునే మాట. ‘కలికాలం’ అన్నదీ అటువంటిదే. కోడలు ఎదురు చెప్పినా, ఉల్లి ధర పెరిగినా కలికాలమే.

నిత్యవ్యవహారంలో లోకాంతవాచకాలు ఎక్కువగా వ్యతిరేకంలోనో ప్రశ్నలోనో వస్తాయి. ‘ఇప్పుడు కొంపలేం మునిగిపోలేదు’, ‘లోకం తల్లకిందులైందా?’, ‘మిన్ను విరిగి మీద పడుతుందా?’ భయపెట్టడానికి కాదు, తొందరపడేవాణ్ణి చల్లబరచడానికి ఇవి పుట్టాయి. ఈ వరుసలోకి యుగాంతం ఆలస్యంగా వచ్చింది, వచ్చినప్పుడు వార్తగా వచ్చింది. 2012 డిసెంబరు 21 గురించిన హడావుడిలో అది ఇంటింటి మాటయింది. అక్కడ ఒక చమత్కారం ఉంది. మాయా పంచాంగంలో ఆ రోజు ముగిసినది 13 బక్తూన్ల చక్రం, సుమారు 5,125 సంవత్సరాల లెక్క. లెక్క పూర్తయింది, అంతే. దానికి ‘యుగాంతం’ అన్న తెలుగు పేరు అక్షరాలా సరిపోతుంది. పేరు సరిగ్గా పెట్టి అర్థాన్ని ప్రళయం నుంచి అరువు తెచ్చుకున్నారు. తప్పు అనువాదంలో లేదు, చదవడంలో ఉంది. యుగసమాప్తికి జరిగినదీ అదే.

ఆధునిక సాహిత్యం ఈ మూలార్థాన్ని మరో దారిలో నిలుపుకుంది. 1910లో హేలీ తోకచుక్క కనిపించినప్పుడు జనం దాన్ని అరిష్టంగా చూశారు. గురజాడ ‘ముత్యాల సరములు’లో అదే చుక్కను సంఘసంస్కారపు గుర్తుగా, రాబోయే మేలుకు ముందు నడిచే జెండాగా మార్చాడు. సూచనను కాదనలేదు, అది దేనికి సూచనో మార్చాడు. ఆ తరువాత అభ్యుదయ, విప్లవ సాహిత్యాల్లో నవయుగం, యుగసంధి వంటి మాటలు నడిచాయి. 1969లో చారు మజుందార్ ఆంధ్ర విప్లవకారులతో రహస్యంగా సమావేశమైనది ముచుకుందుడి గుత్తికొండలోనే కావడం యాదృచ్ఛికం, కాని విమర్శకుడు దాటిపోదగిన యాదృచ్ఛికం కాదు. పాత యుగం పూర్తయి కొత్తది మొదలవుతుందన్న నమ్మకం అక్కడ మూడోసారి, ఈసారి దేవుడు లేకుండా, వినిపించింది. పల్నాటి వినుకొండలో పుట్టిన జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన తరువాత కూడా బైబిలు తెలుగును సాహిత్యపు గడప వెలుపల నిలబెట్టడానికి కారణం కనిపించదు. ప్రబంధభాషకు చేసినట్టే ఈ వచనానికీ పదసూచికలు, ప్రయోగసూచికలు తయారు కావాలి. సవరణకొక పాఠం చొప్పున పక్కపక్కన పెట్టి చదవాలి.

ఐదో ప్రయోగం మిగిలింది. సువార్త చివరి వాక్యంలో యుగసమాప్తికి ‘వరకు’ చేరింది. అక్కడ అది సంఘటన కాదు, భయానికి కారణం కాదు, సూచనలు వెదకవలసినదీ కాదు. తోడుంటానన్న మాటకు గడువు మాత్రమే, అదీ గడువు లేదని చెప్పడానికి పెట్టిన గడువు. తెలుగు దానశాసనాల్లో ‘ఆచంద్రార్కం’ చేసే పని ఇదే. చంద్రుడూ సూర్యుడూ ఉన్నంత వరకు ఈ మాన్యం చెల్లుతుందని చెక్కించిన దాత దృష్టి ఆ ఇద్దరూ ఆరిపోయే రోజు మీద లేదు. దీపానికి పోసే నూనె మీద ఉంది, దాన్ని తరువాతివాడు ఆపకూడదన్న జాగ్రత్త మీద ఉంది.